స్టోర్ కీపర్ బండీ, మా వేడిగాలీ

సాల్డరింగ్ ఐరన్ ఏది కొనాలి, హాట్ ఎయిర్ మిషన్ అవసరమా కాదా అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంట్లో చిన్న బల్ల వేసుకుని సరదాగా బోర్డులు బాగుచేసుకునే అలవాటు మన ఊళ్ళోనూ పెరిగింది, సంతోషం. ఫోన్లో అడిగితే రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తాను. మీరు తీరిగ్గా చదవడానికి కూర్చున్నారు కనక మా స్టోర్ కీపర్ మూడు చక్రాల బండి సంగతితో కలిపి చెబుతాను. ఉద్యోగమంతా సాల్డరింగ్ పొగలోనే గడిపినా, ఆ పనిముట్లు ఎలా ఎంచుకోవాలో నాకు గట్టిగా తెలిసింది ఆ బండి ఆగిపోయాకే.

అనకాపల్లి దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి నేను. ఏ మీటరు పోయింది, ఎలా బాగుపడింది, ఆ రోజు టీ ఎవరు ఇప్పించారు అన్నీ సాయంత్రం డైరీలో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. "నోరు జాగ్రత్త, డైరీలోకి ఎక్కిపోతాం" అని తోటివాళ్ళు నన్ను ఆటపట్టించేవారు. అందులో ముందుండేవాడు మా స్టోర్ కీపర్. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల అతని కాళ్ళలో బలం లేదు. చంకకర్ర మీద నాలుగడుగులు వేస్తాడు. దూరమైతే బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి. ఆ బండి మీద అతను వెళ్ళని వీధి ఊళ్ళో లేదు. రైతుబజారుకి వెళ్ళి వంకాయలు ఏరుకోవాలన్నా, ఎవరింట్లో పెళ్ళైనా పందిరి ఎంతవరకు వచ్చిందో చూసి రావాలన్నా అతనికి ఒకరి తోడు అక్కర్లేదు. కాలేజీలో మాత్రం అతని చేతిలోంచి ఒక స్క్రూ రాబట్టాలంటే దేవుడు దిగిరావాలి.

నా రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో కొత్తగా ఒక లెక్చరర్ మేడమ్ వచ్చారు. చిన్న వయసు, పెద్ద ఉత్సాహం. వస్తూనే శనివారం మధ్యాహ్నాలు హాబీ క్లబ్ మొదలుపెట్టారు. మార్కులుండవు, రికార్డులుండవు, ఎవరికి నచ్చింది వాళ్ళు చేసుకోవచ్చు. బయటివాళ్ళూ రావచ్చు. దేవరాపల్లి నుంచి ఒక చెరకు రైతు తన మోటారు స్టార్టరు బోర్డు సంచిలో వేసుకుని క్రమం తప్పకుండా వచ్చేవాడు.

ఉత్సాహం ఉంది గానీ పనిముట్లు లేవు. ఉన్నవన్నీ ప్లగ్గులో పెడితే ఆగకుండా వేడెక్కిపోయే పాత ఐరన్లు. ఐరన్ కొసన ఉండే రాగి బిట్ మాడి నల్లబడిపోతే దానికి అతుకు వేసే లెడ్ అంటుకోదు. అంటుకోవడం లేదని పిల్లలు ఇంకా గట్టిగా నొక్కుతారు. అంత వేడిలో అలా నొక్కితే బోర్డు మీది రాగి రేకు లేచిపోతుంది. బాగుచేద్దామని తెచ్చిన బోర్డు ఇక దేనికీ పనికిరాదు. మేడమ్ నాలుగు వారాలు చూసి, మనం పెట్టిన వేడి దగ్గరే ఆగే సాల్డరింగ్ స్టేషన్లూ, ఒక హాట్ ఎయిర్ మిషనూ కావాలని స్టోరుకి ఇండెంటు రాశారు.

మా స్టోర్ కీపర్ ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఐరన్ ఏడెక్కుతందా లేదా మేడమ్ గారూ?"

"ఎక్కుతుందండీ. ఆగకుండా ఎక్కుతుంది. అదే బాధ."

"ఎక్కుతంటే బాగున్నట్టే. ఎక్కనప్పుడు సెప్పండి, సూద్దాం." తర్వాత నా వైపు తిరిగాడు, చుట్టరికం లేకపోయినా మేం బావా అనే పిలుచుకుంటాం. "ఈ హాట్ ఎయిర్ అంటే ఏటి బావా?"

"ఇప్పుడొచ్చే చిన్న ఐసీలకి సుట్టూ కాళ్ళే బావా. ఐరన్‌తో ఒక కాలు కరిగించి రెండోదాని దగ్గరికి ఎల్లేసరికి మొదటిది మళ్ళీ గట్టిపడిపోద్ది. ఏడిగాలి ఊదితే అన్నీ ఒక్కసారే కరుగుతాయి. ఐసీ పైకి వచ్చేత్తాది."

"ఏడిగాలేనా? దానికి మిషనెందుకు? మా బావమరిది షెడ్డులో ఉంది కదా!"

అతని భార్య తమ్ముడికి బెల్లం ప్యాకింగ్ షెడ్డు ఉంది. బెల్లం దిమ్మని ప్లాస్టిక్ కవరులో పెట్టి వేడిగాలి కొడితే కవరు ముడుచుకుని దిమ్మకు అంటుకుపోతుంది. దానికి వాడే గన్ను, తుపాకీలా బరువుగా ఉంటుంది, మూతి చుట్టూ మాడిన బెల్లం పేరుకుని. మరుసటి శనివారం దాన్ని బండి ముందు బుట్టలో పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చాడు. కాలేజీకి పైసా ఖర్చు లేకుండా సమస్య తీర్చేశానన్న వెలుగు ముఖం నిండా ఉంది.

పాత టీవీ బోర్డు ఒకటి బల్ల మీద పెట్టాం. చుట్టూ క్లబ్ వాళ్ళందరూ మూగారు. స్విచ్ తానే వేస్తానన్నాడు, వేశాడు. ముందు గదంతా పాకం వాసన కమ్ముకుంది. ఐసీ కదులుతుందా అని మేమంతా వంగి చూస్తున్నాం. అది కదిలేలోపే దాని చుట్టూ ఉన్న నువ్వుగింజలంత సామానంతా పోపులో ఆవాల్లా ఎగిరిపోయింది. ఒకటి మేడమ్ కళ్ళజోడుకి తగిలింది. పక్కనున్న ప్లాస్టిక్ సాకెట్టు మెత్తబడి తల వాల్చేసింది. బోర్డు అప్పడంలా పొంగింది.

అతను గన్ను ఆపి, "ఊడొచ్చేయి కదా? మరేటి?" అన్నాడు.

"ఊడొచ్చేయి బావా. ఎక్కడున్నాయో అది సెప్పు."

"ఎతుకుతారు. కుర్రోళ్ళే కదా, కళ్ళు బాగుంటాయి."

నేలంతా పాకుతూ వెతికారు. దొరికిందని ఒకమ్మాయి ట్వీజర్‌తో పట్టి తెచ్చింది చచ్చిన చీమని. మేడమ్ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. స్టోర్ కీపర్ కూడా నవ్వాడు, కానీ ఇండెంటు మీద సంతకం చెయ్యలేదు. "ఇంకోసారి దూరం నుంచి కొట్టి సూద్దాం" అని వాయిదా వేశాడు. ఆ వాయిదా అలాగే నడుస్తూ వానాకాలం వచ్చింది.

ఒక సాయంత్రం జోరున కురిసి రైలు వంతెన కింద నీళ్ళు నిలిచాయి. రోజూ వెళ్ళే దారే కదా అని అతను బండిని దింపాడు. సరిగ్గా మధ్యలో ఆగింది. దారినపోయేవాళ్ళు తోసి ఒడ్డున పెట్టారు. ఎండలో ఆరబెట్టినా, బ్యాటరీ మార్చినా చక్రం కదలలేదు. విశాఖపట్నం నుంచి కంపెనీ మెకానిక్ వచ్చి, సీటు కింద ఉన్న కంట్రోలర్ బోర్డు పోయిందన్నాడు. ఈ మోడల్ ఆపేశారు, ఆ బోర్డు ఇక రాదు, కొత్త బండి చూసుకోండి అని చెప్పి తన బస్సు వేళకి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి స్టోర్ కీపర్‌ని బావమరిది తన మోటారు సైకిల్ మీద దింపడం, తీసుకెళ్ళడం మొదలైంది. ఆ అబ్బాయి మంచివాడు, ఒక్క రోజూ విసుక్కోలేదు. కానీ అతను వచ్చేది షెడ్డులో లారీ లోడింగ్‌కి ముందో వెనకో దొరికిన ఖాళీలో. గేటు దగ్గర హారన్ మోగిందంటే మా వాడు లేవాల్సిందే. టీ సగం గ్లాసులో ఉండిపోయేది. మాట సగంలో ఉండిపోయేది. ఇంటికి వెళ్ళాక మళ్ళీ పొద్దున్నదాకా గుమ్మం దాటడం లేదు. వంకాయలు ఎవరో తెస్తున్నారట, పుచ్చువి.

"బెల్లం దిమ్మని ఎత్తినట్టు ఎత్తి కూకోబెడతన్నాడు బావా," అన్నాడొకరోజు. "దిమ్మే నయం. ఎక్కడికి తోలుతున్నారని దానికి దిగులుండదు."

నవ్వుతూనే అన్నాడు. అయినా ఆ పూట స్టోరులోకి ఎవరు వచ్చి ఏమడిగినా మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అతని చేత్తో ఒక డబ్బా స్క్రూలు అలా వచ్చేసరికి నాకు భయమేసింది.

తర్వాతి వారం న్యూస్ పేపర్లో చుట్టిన పొట్లం నా బల్ల మీద పెట్టి, "సూడు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. లోపల అతని బండి బోర్డు. నీళ్ళు తగిలిన చోట పచ్చగా చిలుము పట్టి ఉంది. నేనూ మేడమ్ కలిసి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా కరెంటు ఇచ్చి పైన స్పిరిట్ పూశాం. ఏ భాగం లోపల షార్ట్ అయి వేడెక్కుతుందో అక్కడ స్పిరిట్ ముందు ఆరిపోతుంది. ఒక చిన్న ఐసీ మీద చూస్తుండగానే ఆరింది. బ్యాటరీ వోల్టేజీని తగ్గించి బోర్డుకి అందించే ఐసీ అది. అది మార్చితే బండి నడవొచ్చు. చిక్కేమిటంటే దాని కాళ్ళే కాదు, పొట్ట కూడా బోర్డుకి సాల్డరింగ్ చేసి ఉంది. పొట్ట కిందికి ఏ ఐరనూ దూరదు. వేడిగాలే కావాలి.

ఇద్దరం స్టోరుకి వెళ్ళాం. విషయం చెప్పి, "ఇంకేటి బావా, ఆ ఇండెంటు మీద సంతకం పెట్టేయి. మిషను వత్తే నీ బండి లేత్తాది," అన్నాను.

అతను తాళాలగుత్తి తిప్పుతూ అన్నాడు.

"ఇప్పుడసలు పెట్టను."

"అదేటి?"

"ఇన్నాళ్ళూ అక్కర్లేదన్నోడు తన బండి ఆగేసరికి కాలేజీ సొమ్ముతో కొనేసేడంటారు. అనరా?"

"అంటారు."

"ఎవరంటారు?"

"ముందు నేనే అంటాను."

"మరి?" అన్నాడు గెలిచినవాడిలా. గెలిచి అతను పోగొట్టుకున్నదేమిటో ముగ్గురికీ తెలుసు. మేడమ్‌కి కోపం వచ్చింది. "అవసరం లేనప్పుడు అవసరం లేదన్నారు, అవసరం వచ్చాక మంచివాడినంటున్నారు. మీతో ఎలాగండీ!" అన్నారు. అతను ఇండెంటు కాగితాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు. గేటు దగ్గర హారన్ మోగింది. లేచాడు.

ఆ రాత్రి డైరీ రాస్తూంటే ఒక మాట తట్టింది. రిటైరయ్యాక వరండాలో బల్ల వేసుకుని, నచ్చిన బోర్డులతో కాలక్షేపం చేద్దామని నేను ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నదే. ఆ సామాను రిటైరయ్యాకే కొనాలని ఎక్కడా లేదు. మర్నాడు మేడమ్‌ని తోడు తీసుకుని మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళాను. ఆ దుకాణం నడిపే భాయ్ తండ్రి రేడియోలు బాగుచేసేవాడు, కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నాకు ఇద్దరూ తెలుసు.

అడిగేవాళ్ళకి నేనిప్పుడు చెప్పే సలహా ఆ దుకాణంలో ఆ పూట తయారైందే, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

నేను వెళ్ళగానే అన్నీ ఒకే పెట్టెలో ఉన్న పెద్ద మిషన్ మీద చెయ్యి వేశాను. ఐరన్, వేడిగాలి, పాత లెడ్‌ని పీల్చే పంపు, ముందు వైపు వరసగా లైట్లు. పెళ్ళికొడుకులా ఉంది.

"తీసుకోండి సార్, నాకు మంచి బేరం," అన్నాడు భాయ్. "కానీ అందులో ఒకటి పాడైతే మూడూ నా దగ్గరికి రిపేరుకొస్తాయి. అప్పుడు ఇంటికాడ ఖాళీ చేతుల్తో కూకుంటారు. ఐరన్ వేరే, గాలి వేరే తీసుకోండి."

మేడమ్ వేడిగాలి మిషన్లు చూస్తూ, "దీని వేడి ఎంతవరకు వెళ్తుంది? దానికన్నా ఇది ఎక్కువ వెళ్తుందా?" అని అడుగుతున్నారు. అన్ని పెట్టెల మీదా పెద్ద అక్షరాలతో రాసేది అదే కదా.

"ఎక్కువ ఎవరికి గావాలి మేడమ్? ఎక్కువ అన్నీ ఎల్తాయి. ఏడీ గాలీ ఎంత తక్కువకి ఎల్తాయో అడగండి."

అని బల్ల మీద ఇసుక రేణువంత విడిభాగం ఒకటి పెట్టాడు. పక్కన మూడు మిషన్లు పెట్టి, అది కదలకుండా గాలి ఊదండి చూద్దాం అన్నాడు. మొదటి మిషన్‌లో గాలి పూర్తిగా తగ్గించినా ఆ రేణువు దొర్లిపోయింది. రెండోదానిలో గాలి తగ్గింది కానీ దాంతోపాటు వేడి ఇష్టం వచ్చినట్టు పెరిగింది. మూడోది నెమ్మదిగా ఊదింది, చెప్పిన వేడి దగ్గరే ఆగింది, రేణువు కూర్చున్నచోటే కూర్చుంది. ఆపాక వెంటనే నోరు మూసుకోకుండా, తన లోపలి కాయిల్ చల్లబడేదాకా చల్లగాలి ఊది మరీ ఆగింది. ఆ మూడోదే చూడ్డానికి అందరికన్నా బీదగా ఉంది. బెల్లం గన్నులో లేనిది ఏమిటో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. అది బోర్డుని పాడుచేసింది వేడి తక్కువై కాదు, తగ్గడం తెలియక.

ఐరన్ దగ్గర మేడమ్ సూది లాంటి బిట్ ఎంచుకున్నారు. సన్న పని కదా, సన్న బిట్ ఉండాలి కదా అని ఆవిడ లెక్క. కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్ళూ ఇదే లెక్క వేస్తారు. ఈ ఒక్క విషయం నాకు ముందే తెలుసు కాబట్టి కాస్త గొప్ప ప్రదర్శించాను. ఒక లావు రాగి తీగ మీద సూది బిట్ పెట్టమన్నాను. లెడ్ కరగలేదు సరికదా బిట్టే తీగకి అతుక్కుపోయింది. అదే వేడిలో ఉలి మొనలాంటి వెడల్పు బిట్ పెడితే లెడ్ వెన్నలా జారింది. మొన ఆనే చోటు ఎంత ఉంటే అంత వేడి లోపలికి దిగుతుంది. సూది బిట్ నూటికో కోటికో అక్కరకొస్తుంది. వెడల్పుది రోజూ అక్కరకొస్తుంది. రెండో మూడో బిట్లు మార్చుకునే వీలున్న ఐరన్, తగిలించగానే వేడి పట్టి, బోర్డు మీద ఆనించినప్పుడు వేడి జారిపోనిది అయితే చాలు. ప్లగ్గుకి మూడో పిన్ను తప్పకుండా ఉండాలి, ఇంట్లో ఎర్తింగ్ నిజంగా ఉండాలి. మిగిలిన డబ్బుతో, లెడ్ సాఫీగా పారడానికి ముందుగా రాసే మంచి ఫ్లక్స్, మంచి ట్వీజర్ కొనుక్కోండి. వాటి దగ్గర పీనాసితనం చేస్తే మిషన్ ఎంత మంచిదైనా ఏడిపిస్తుంది.

కావలసిన ఐసీ భాయ్ తెప్పిస్తానన్నాడు. రెండు తెప్పించమన్నాను.

నా సొంత మిషన్లు కాలేజీ లోపలికి తేవడానికి స్టోర్ కీపర్ గేట్ పాస్ రాయించాడు. రాయించి, కంట్రోలర్ బోర్డు మాత్రం వెనక్కి తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"నా బోర్డు మీద నేర్సుకోవద్దు. ముందు సచ్చిన బోర్డుల మీద నేర్సుకోండి. నేను సూసి పాసంటే అప్పుడిత్తాను."

"నువ్వేటి పరీక్ష పెడతావు బావా, నీకేటి తెలుసు?"

"సీమ ఏదో ఐసీ ఏదో తెలుసు. అది సాలు."

నిజానికి అంతకన్నా మంచి పరీక్షాధికారి మాకు దొరకడు. రెండు శనివారాలు నేనూ మేడమ్ పాత బోర్డుల మీద ఐసీలు లేపాం, మళ్ళీ కూర్చోబెట్టాం. అతను కుర్చీలో కూర్చుని భూతద్దం పెట్టి చూసేవాడు. "దీని పక్కోడు ఒంకరయ్యేడు, ఫెయిల్." "ఇక్కడ మాడింది, ఫెయిల్." ఒకసారి నేను ఎంతో పొందిగ్గా లేపిన ఐసీని చూసి, "బాగుంది గానీ, ఫ్యానేసుకుని సేసేవు. గాలికి ఒక పక్క సల్లారిపోయి లెడ్ సాగింది సూడు," అన్నాడు. చూస్తే నిజమే. అప్పటి నుంచి ఫ్యాన్ ఆపి పని. క్లబ్ గది ఆవిరి మీది ఇడ్లీ పాత్రలా ఉండేది. దేవరాపల్లి రైతు తన తువ్వాలు పిండుకుంటూ, "సెరకు నరికినా ఇంత సెమట పట్టదు బాబూ," అనేవాడు.

చివరికి మేడమ్ చేసినదానిలో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, "పాసు" అన్నాడు. నన్ను పాస్ చేశాడో లేదో ఇప్పటికీ చెప్పలేదు. బీరువా తాళం తీశాడు.

పని పెట్టుకున్న శనివారం క్లబ్ వాళ్ళందరూ వచ్చారు. ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోవడం లేదు. ఆ ఐసీ పక్కనే ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్లకి వేడికి కాలని టేపు చుట్టాం. ఫ్లక్స్ రాశాం. మిషన్ మేడమ్ చేతిలో, ట్వీజర్ నా చేతిలో. ముందు దూరం నుంచి గుండ్రంగా తిప్పుతూ బోర్డునంతా వెచ్చబరిచారు. తర్వాత నెమ్మదిగా దగ్గరికి తెచ్చారు. ఇక్కడే అందరికీ చెయ్యి దురద పెడుతుంది. ఊడిందేమోనని లాగుతారు, లాగితే కింది రేకు కూడా వచ్చేస్తుంది. లాగకూడదు. పక్కనుంచి ముట్టుకుని చూడాలి. నేను ముట్టుకున్నాను, కదల్లేదు. ఆగాను. మళ్ళీ ముట్టుకున్నాను. నీళ్ళ మీద ఆకులా అటూ ఇటూ ఊగింది. అప్పుడు పైకి తీశాను. కింద రేకులన్నీ మెరుస్తూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కొత్తది పెట్టి గాలి ఊదుతుంటే, కొంచెం పక్కకి జరిగి ఉన్న ఆ ఐసీ, లెడ్ కరగగానే తనంతట తానే సర్దుకుని తన చోట్లో కూర్చుంది. అది ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. స్టోర్ కీపర్ కూడా భూతద్దంలోంచి చూశాడు. "కుదురైనోడు," అన్నాడు మెల్లగా.

ముందే ఆటోలో వేయించి తెప్పించిన బండి వెనక భాగం ఇటుకల మీద ఎత్తి పెట్టాం. బోర్డు బిగించాం. మీటర్ పెట్టి చూస్తే అన్ని చోట్లా సరైన వోల్టేజీ. అతను హ్యాండిల్ తిప్పాడు.

చక్రం కదల్లేదు.

మళ్ళీ తిప్పాడు. బోర్డు మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది, చక్రం మాత్రం రాయిలా ఉంది. పుస్తకాల్లో చదివేటప్పుడు ఇలాంటి చోట ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. అతని ముఖం ముందు నిలబడి ఉన్నప్పుడు ఏమీ తోచదు.

"పోన్లే బావా," అన్నాడు అతనే. "ఇంతవరకైనా వచ్చింది. మేడమ్ గారూ, ఫ్యానేసుకోండి, సెమటలు కారిపోతన్నాయి."

మేడమ్ ఫ్యాన్ వెయ్యలేదు. బోర్డు మళ్ళీ విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. వెలుగుకి అటూ ఇటూ వంచి చూస్తూ, "సార్, ఇక్కడికి రండి," అన్నారు. మోటారుకి వెళ్ళే లావు తీగ బోర్డుని కలిసేచోట, లెడ్ ముద్ద చుట్టూ వెంట్రుకవాసిలో ఒక గీత. పైకి అతికినట్టే ఉంది, తీగ లాగితే లోపల కదులుతోంది. ఏ కుదుపుకో అతుకు విరిగిందన్నమాట. మేమంతా ఆ చిన్న ఐసీనే చూస్తూ, వేలంత లావు అతుకుని చూడలేదు.

దానికి వేడిగాలితో పనిలేదు. అంత లావు రాగిని గాలితో కాచాలంటే బోర్డు మాడిపోతుంది. మేడమ్ ఐరన్‌కి అన్నిటికన్నా వెడల్పు బిట్ తగిలించి, పాత లెడ్ తీసేసి, ఫ్లక్స్ రాసి, తీగ మీదా రేకు మీదా ఒకేసారి ఆనించారు. లెడ్ కరిగి చుట్టూ పారి మెరిసింది. అంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు. అడిగేవాళ్ళకి అందుకే చెబుతాను, ముందు మంచి ఐరన్ కొనండి, గాలి సంగతి తర్వాత.

బోర్డు మళ్ళీ బిగించాం. అతను హ్యాండిల్ తిప్పలేదు. చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"తిప్పండి," అన్నారు మేడమ్.

"తిప్పుతాను. ఉండండి, తిప్పుతాను," అన్నాడు.

చక్రం తిరిగింది. ముందు గునుస్తున్నట్టు, తర్వాత గిర్రున. గదిలో ఒకటే అరుపులు. దేవరాపల్లి రైతు తువ్వాలు గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి ఆగి ఉన్న ఫ్యాన్ రెక్కకి తగులుకుంది.

బండి కిందికి దించి, కాలేజీ ఆవరణ చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగాడు. మలుపుల్లో కావాలని వేగంగా తిప్పుతుంటే పిల్లలు వెంట పరుగెత్తారు. తిరిగి తిరిగి వరండా దగ్గర ఆపేసరికి గేటు బయట హారన్ మోగింది. బావమరిది. మోటారు సైకిల్ దిగకుండానే కేక వేశాడు.

"బావా, బేగి రా! లారీ వచ్చేసింది, లోడింగుంది!"

స్టోర్ కీపర్ బండి మీద కూర్చునే చెయ్యి ఊపాడు. "నువ్వెల్లు. నాకు పనుంది."

ఆ అబ్బాయి బండినీ, బావనీ, మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వి, మోటారు సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఏటి పని బావా?" అన్నాను నేను.

"ఏటీ లేదు," అన్నాడు.

ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళారు. మేడమ్ కూడా వెళ్ళారు. నేను సామాను సర్ది, బిట్ మీద కాస్త లెడ్ పూసి ఐరన్ ఆపి, వరండాలోకి వచ్చి కూర్చున్నాను. అతను టీ తెప్పించాడు. గ్లాసు అడుగుదాకా తాగాడు. వంకాయల ధర గురించీ, మా ప్రిన్సిపాల్ మీసం గురించీ, ఇంకా డైరీలో రాయలేని చాలా విషయాల గురించీ మాట్లాడాడు. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. మూడోసారి తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు స్టోర్ కీపర్ లేచి స్టోరుకి తాళం వేసి, గుత్తి జేబులో వేసుకుని బండి ఎక్కాడు. అతని ఇల్లు గేటు దాటాక కుడివైపు. బండి ఎడమవైపు తిరిగింది.

"సార్, అటెక్కడికి? ఇల్లు ఇటు కదా!" అన్నాడు వాచ్‌మన్.

అతను వెనక్కి చూడలేదు. హారన్ మాత్రం కొట్టాడు.